సూరిబాబు హబ్బులు, నా అనుమానం

మా సంస్థలో విడిభాగాల ఎంపిక పనిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు పోయిన నెల అమలాపురంలో మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగుతూ, "మేడమ్, బేరింగులు ఏ కంపెనీవి నమ్మొచ్చు?" అని అడిగారు. ఏ కంపెనీవీ నమ్మొద్దని చెప్పాను. ఇద్దరూ నవ్వారు. సరదాకి అన్నాననుకున్నారు. వాళ్ళు వెళ్ళాక ఆ మాటకి కొంత వివరం కావాలనిపించి ఈ కాగితాలు మొదలుపెట్టాను.

నా పేరు సత్యవతి. మెకానికల్ డిప్లొమా చదివి, చాలాకాలం రైసుమిల్లు యంత్రాలు తయారుచేసే కర్మాగారంలో పనిచేశాను. చివరి ఏడెనిమిదేళ్ళు రోబో కిట్లు తయారుచేసే చిన్న సంస్థలో ఉన్నాను. కిట్టు అంటే ఒక పెద్ద అట్టపెట్టె. అందులో నాలుగు చక్రాలు, నాలుగు మోటార్లు, అడుగు రేకు, బోల్టులు, నట్లు, వైర్లు ఉంటాయి. కొన్నవాళ్ళు బిగించుకుంటే మోకాలెత్తు బండి తయారవుతుంది. కాలేజీలవాళ్ళు చదువు కోసం కొంటారు, కొబ్బరి రైతులు కాయలు మోయించడానికి కొంటారు. పెట్టె మీద "ఎలాంటి నేల మీదైనా నడుస్తుంది" అని పెద్దక్షరాలతో ఉండేది. ఆ కిట్టులో నేను అన్నిటికంటే తక్కువ నమ్మింది ఆ వాక్యాన్నే.

ఆఫీసులో నన్ను వెనకాల "అనుమానం మేడమ్" అనేవారు. ఆ పేరు నాకు తెలుసు, కొంచెం గర్వంగా కూడా ఉండేది. ఇంట్లో మావారు, "గ్యాసు కట్టేశానని నేను చెప్పినా వెళ్ళి చూసొస్తావు. అంత మాత్రానికి నన్నడగడం దేనికి?" అని దెప్పేవారు. అడగడం నా అలవాటు, చూసిరావడం నా ఉద్యోగం.

అయితే ఆ అనుమానంతోనే కొత్తపేటలో ఒక మనిషి పేరు పాడుచేశాను. అతను చేసిన తప్పేమీ లేదు. అది చెప్పకుండా బేరింగుల గురించి ఎంత రాసినా సగం అబద్ధమే అవుతుంది. అందుకని ముందు పని గురించి రాసి, తరవాత ఆ సంగతికి వస్తాను.

కామేశ్వరరావు గారి దగ్గర నేర్చుకున్నది

నా మొదటి పైఅధికారి కామేశ్వరరావు గారు. రైసుమిల్లు యంత్రాలకి వచ్చే ప్రతి బేరింగునీ చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పేవారు. ఒకసారి పేరున్న కంపెనీ పెట్టెలోంచి తీసిన బేరింగుని అలాగే తిప్పి, నా చేతికిచ్చి, "వినమ్మా" అన్నారు. నాకేమీ వినపడలేదు. మళ్ళీ వినమన్నారు. మూడోసారికి ఎక్కడో సన్నగా ఇసుక నలిగినట్టు వినపడింది. పెట్టె అసలుదే, లోపలిది వాడేసినదాన్ని కడిగి పాలిష్ పట్టించిన సరుకు. ఆ రోజు నుంచి పెట్టె మీద రాసినదాన్ని చదవడం మానేశాను.

ఆయన దగ్గర ఇంకొకటి కూడా నేర్చుకున్నాను, అది నేర్చుకోకుండా ఉండాల్సింది. చెడ్డ బేరింగు కనబడగానే ఆయన, "వాడు దొంగండీ" అనేసేవారు. బేరింగు ఎలా చెడిందో ఆలోచించకముందే మనిషి పేరు నోట్లోకి వచ్చేసేది. పదిసార్లలో ఏడుసార్లు ఆయన అన్నది నిజమయ్యేది, అందుకని మిగతా మూడింటినీ ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆయన చెవి నాకు పూర్తిగా రాలేదు. నోరు మాత్రం వచ్చేసింది.

బురద దగ్గర పరీక్ష

విడిభాగాలు ఎంచేవాళ్ళు కేటలాగు చూసి ఎంచుతారనుకుంటారు అందరూ. కేటలాగు రాసినవాడు మన బురదలో ఎప్పుడూ దిగి ఉండడు. మోటారు ఇంత బరువు లాగుతుందని అందులో రాస్తే, నేను దాని షాఫ్టుకి, అంటే తిరిగే కడ్డీకి, డ్రమ్ము బిగించి, తాడు కట్టి, ఇసుక నింపిన బకెట్టు వేలాడదీసేదాన్ని. కొన్ని మోటార్లు బకెట్టుని సగం దాకా లేపి మూలిగేవి. ఒకటి పొగ కక్కింది. అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "బకెట్టు ఎవరు ఎత్తమన్నారండీ?" అన్నాడు. మా బండి చేసేదే బరువు మొయ్యడం, ఇంక ఎవరు ఎత్తమనాలి?

టైర్ల సంగతి చూడండి. గట్లు ఎక్కడానికి బాగుంటుందని దగ్గరదగ్గరగా బొడిపెలున్న టైర్లు తెప్పించారు. గచ్చు మీద గొప్పగా నడిచాయి. కొబ్బరితోటలో ఒండ్రుమట్టి ఆ బొడిపెల మధ్య చపాతీ పిండిలా కూరుకుపోయి, పది గజాలు నడిచేసరికి టైరు నున్నగా తయారైంది. ఉన్నచోటే గిర్రున తిరగడం తప్ప ముందుకు కదల్లేదు. బొడిపెలు తక్కువగా, ఎడంగా ఉన్న టైర్లు చూడ్డానికి బోడిగా ఉంటాయి. మట్టిని రాల్చేసేవి అవే.

పీచు గురించి ఏ కేటలాగులోనూ ఉండదు. కొబ్బరితోటలో నేలంతా పీచే. అది చక్రానికీ మోటారుకీ మధ్యనున్న సందులో దూరి, షాఫ్టు చుట్టూ దారపు కండెలా చుట్టుకుంటుంది. రెండు రోజుల్లో గట్టిపడి, నూనె కారకుండా ఆపే రబ్బరు సీలుని కోసేస్తుంది. సీలు నాసిరకమని నేను రెండు కంపెనీలు మార్చాను. మూడో కంపెనీ సీలు కూడా తెగాక కూర్చుని విప్పి చూస్తే లోపలంతా పీచే. అప్పుడు సందుకి అడ్డంగా గిన్నె మూతలాంటి రేకు పెట్టించాను. ఆ రెండు కంపెనీలవాళ్ళకీ నేను ఫోన్ చేసి చెప్పలేదు. చెప్పాల్సింది.

బోల్టులు కూడా అంతే. రాజోలు దాటి సముద్రం వైపు వెళ్ళేకొద్దీ గాలిలో ఉప్పుంటుంది, మామూలు బోల్టులు ఒక్క వర్షాకాలానికే తుప్పు పడతాయి. సరే అని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుకి స్టెయిన్‌లెస్ నట్టు వేస్తే, బిగించేటప్పుడు రెండూ పట్టేసుకుని ఇటూ రావు, అటూ పోవు. రంపంతో కోసుకోవాలి. మరలకి కొంచెం గ్రీజు రాసి బిగించమని కిట్టులో కాగితం పెట్టాం. ఆ కాగితం ఎవరైనా చదివారా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

హర్ష గారికి ఒక మాట నేర్పాను

సంస్థ పెట్టింది హర్ష అనే హైదరాబాదు కుర్రాడు. వయసులో చిన్నవాడైనా యజమాని కాబట్టి హర్ష గారనే పిలిచేదాన్ని. తెలివైనవాడు, తొందర ఎక్కువ, మాట సూటిగా ఉంటుంది. వచ్చిన కొత్తలో స్థానిక వెల్డింగు షాపులకీ లేత్ షాపులకీ తనే ఫోన్లు చేసేవాడు. "శుక్రవారానికి ఇస్తారా?" అంటే అవతలివాళ్ళు "ఆయ్" అనేవారు. శుక్రవారం ఏమీ వచ్చేది కాదు. ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి, "ఈ ఊళ్ళో అందరూ అబద్ధాలేనా మేడమ్?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "అబద్ధం కాదండీ. మా వైపు ఆయ్ అంటే అవుననొచ్చు. మీరు చెప్పింది విన్నామనొచ్చు. మీ అంతటివారు చెబుతుంటే కాదని ఎలా అంటామనొచ్చు. శుక్రవారం వస్తుందని మాత్రం అందులో లేదు" అన్నాను.

"మరి నాకెలా తెలియాలి?"

"ఎలా చేస్తారో వాళ్ళ నోటితోనే చెప్పించండి. 'ఇస్తారా' అని అడక్కండి. 'ఏ రోజు మొదలెడతారు, మధ్యలో ఏం అడ్డం రావచ్చు' అని అడగండి. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది."

హర్ష ఇది తన ఫోనులో రాసుకున్నాడు. నేను చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పులేదు. ఇంత బాగా పాఠం చెప్పినదాన్ని నేనే మర్చిపోయాను.

కొత్తపేట లేత్

సూరిబాబుది కొత్తపేటలో బస్సులు తిరిగే రోడ్డుకి కొంచెం లోపలగా, ఇనుము తిప్పి చెక్కే ఒక చిన్న లేత్ షాపు. నలభై దాటిన మనిషి. చాలా ఏళ్ళు కువైట్‌లో మిషన్ షాపులో చేసి, ఇంక వెళ్ళనని తిరిగొచ్చి, తెచ్చుకున్నదంతా పెట్టి ఆ లేత్ కొన్నాడు. షాపు బోర్డు మీద పేరు తనే రాయించుకున్నాడు. మిల్లుల వాళ్ళ షాఫ్టులు, పంపుసెట్ల బుష్‌లు చేసేవాడు. వాటితోపాటు మా హబ్బులు కూడా అతనివే.

హబ్బంటే చక్రానికీ మోటారుకీ మధ్య ఉండే ఇనుప ముక్క. చక్రం దానికి బిగుస్తుంది, మోటారు షాఫ్టు దాని రంధ్రంలో దూరుతుంది. రెండూ కలిసి తిరగడానికి మధ్యలో కీ అనే చిన్న నలుచదరపు ఉక్కు ముక్క గాడిలో కూర్చుంటుంది. రంధ్రం సరిగ్గా పట్టాలి. కొంచెం వదులైనా బరువంతా ఆ కీ మీద పడుతుంది. బండి ముందుకీ వెనక్కీ పోయిన ప్రతిసారీ కీ గాడిని గుద్దుకుంటుంది. కొన్నాళ్ళకి గాడి వెడల్పవుతుంది, తరవాత కీ నలిగి పక్కకి దొర్లుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, చక్రం ఆగిపోతుంది.

మొదట్లో సూరిబాబుకి నేను డ్రాయింగు ఇవ్వలేదు. పాత మోటారు షాఫ్టు ఒకటి నమూనాగా ఇచ్చి, దీనికి పట్టేలా చెయ్యమన్నాను. రెండేళ్ళపాటు నాకు ఒక్క హబ్బు కూడా తిప్పి పంపాల్సిన పని పడలేదు. అంత బాగా చేస్తుంటే నాకు అదోరకం అనుమానం. ఎప్పుడో ఒకరోజు చవక ఇనుము కలిపేస్తాడని ఎదురుచూస్తూ ఉండేదాన్ని. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

నేను రిటైరవడానికి ఏడాది ముందు మోటార్ల కంపెనీ మార్చాం. మార్పించింది నేనే. పాత మోటార్ల షాఫ్టులు ఉండాల్సిన పన్నెండు మిల్లీమీటర్ల కన్నా వెంట్రుకవాసి లావుగా ఉండేవి. కొలత పాటించనివాడు ఇంకేం పాటిస్తాడని నా వాదన. కొత్త మోటార్ల షాఫ్టులు కచ్చితంగా పన్నెండు. దానికి తగ్గట్టు మొదటిసారి డ్రాయింగు గీసి, ఇరవై నాలుగు హబ్బులు కావాలని సూరిబాబుకి పంపాను.

రెండు రోజులకి ఫోన్ చేశాడు. నేను అప్పుడు ఇసుక బకెట్లతో కొత్త మోటార్లని పరీక్షిస్తున్నాను. ఆ వారమంతా నా అనుమానం వాటి మీదే.

"మేడమ్‌గారండీ, కాగితం మీద పన్నెండు వేసేరండీ. మన దగ్గరున్న ముక్కేమో..." అని మొదలుపెట్టాడు.

"సూరిబాబు గారూ, ఎప్పట్లాగే చెయ్యండి. రెండేళ్ళ నుంచీ చేస్తున్నదేగా? కొలత మాత్రం తప్పకూడదు. తెలిసిందా?"

అటు నుంచి కొంచెంసేపు ఏమీ వినపడలేదు.

"ఆయ్" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. "హబ్బులు: మాట్లాడాను, సరే అన్నాడు" అని నా పుస్తకంలో రాసుకున్నాను.

వీర్రాజు గారి తోటలో

రాజోలు దగ్గర వీర్రాజు గారి కొబ్బరితోటలో కొత్త మోటార్ల బండి ఒకటి నడిపి చూపించాలి. ఆయన బాగుందంటే చుట్టుపక్కల రైతులు కొంటారని హర్ష ఆశ. హబ్బులు రెండు రోజుల ముందే వచ్చాయి. బిగించినవాళ్ళు, "ఈసారి చక్కగా దూరిపోతున్నాయండీ, సుత్తే అక్కర్లేదు" అని సంతోషపడ్డారు. సుత్తి అక్కర్లేదంటే నాకు అనుమానం రావాలి. రాలేదు. ఎందుకంటే నేనింకా మోటార్లనే అనుమానిస్తున్నాను.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు పొద్దున్న, కాయల బస్తా ఎక్కించుకున్న బండి గట్టు ఎక్కుతూ సగంలో ఆగింది. మోటార్లు తిరుగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. చక్రాలు కదల్లేదు. అది నిదానంగా వెనక్కి జారి, పక్కకి ఒరిగి, బస్తాతో సహా నీరు పారే బోదెలో పడింది. బోదె పక్కన కాయలు ఏరుతున్న ఆవిడ సమయానికి పక్కకి గెంతింది కాబట్టి సరిపోయింది.

వీర్రాజు గారు పంచె పైకి దోపుకుని గట్టు మీంచి వంగి చూశారు. "ఎక్కడైనా నడుస్తుందన్న బండి ఇదేనాండీ?" అని అడిగారు. ఆయన వెక్కిరించలేదు. నిజంగానే అడిగారు, అందుకని ఇంకా బాధేసింది.

బండిని పైకి లాగి హబ్బు విప్పాం. కీ నలిగి పక్కకి దొర్లింది. హబ్బులో గాడి రెండు వైపులా చిరిగినట్టు వెడల్పైంది. నా సంచిలో ఎప్పుడూ ఒక ఆకురాయి ఉంటుంది. హబ్బు మీద గీశాను. సులభంగా దిగింది.

"మెత్తని ఇనుము. సరుకు మార్చేశాడు" అన్నాను.

నిజానికి మేమడిగిన ఉక్కు మీద కూడా ఆకురాయి దిగుతుంది. అది నాకు తెలుసు. తెలిసీ అన్నాను. రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నది దొరికిందన్న తృప్తి అందులో ఉందేమో అని ఇప్పుడు నా మీదే నాకు అనుమానం.

అక్కడితో ఆగినా బాగుండేది. తిరిగొస్తూ కొత్తపేటలో దిగి, లేత్‌ల వాళ్ళూ వెల్డింగు వాళ్ళూ మిల్లు గుమాస్తాలూ చేరే టీ హోటల్ దగ్గర సూరిబాబుని పిలిపించాను. హబ్బు బల్ల మీద పెట్టి, "ఏ తుక్కులో కొన్నారండీ ఈ ఇనుము?" అని అందరి ముందూ అడిగాను.

అతను హబ్బుని చేతిలోకి తీసుకుని, గాడిలో వేలు పెట్టి చూశాడు. "ఇనుము మీరు చెప్పిందేనండీ" అన్నాడు.

"మరి ఎందుకిలా అయింది?"

"అదేనండీ మేడమ్‌గారండీ, నేనారోజు ఫోన్లో..."

"కువైట్‌లో కూడా ఇలాగే చేసేరా?" అన్నాను.

పక్క బల్ల మీద ఎవరో నవ్వారు. సూరిబాబు హబ్బుని బల్ల మీద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు. తప్పు చేసినవాడు కాబట్టే మాట్లాడలేకపోయాడని నేననుకున్నాను. మర్నాడు అతని ఆర్డరు ఆపించేశాను.

మిగిలిన హబ్బులు

మోసం రుజువు చెయ్యాలని ఒక కాలేజీ లాబ్‌కి హబ్బు పంపాను. వారం తరవాత కాగితం వచ్చింది. ఇనుము మేమడిగిందే. నేను లాబ్‌వాళ్ళని అనుమానించాను. ఇంకో హబ్బు ఇంకోచోటికి పంపాను. అక్కడా అదే చెప్పారు.

బండికి బిగించినవి నాలుగు పోగా ఇరవై హబ్బులు స్టోర్లో ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ కొలిచాను. లాబ్‌ల నుంచి తిరిగొచ్చిన రెండూ కూడా అందులోనే ఉన్నాయి. రంధ్రం పన్నెండు మీద మిల్లీమీటరులో పదోవంతు ఎక్కువ. రెండోది కూడా అంతే. మూడోది, నాలుగోది, పదోది, ఇరవయ్యోదీ అంతే. ఒకదానికీ ఇంకొకదానికీ తేడా నా పరికరానికి అందలేదు. సరుకు మార్చేవాడు, పని ఎగ్గొట్టేవాడు ఇంత ఒద్దికగా తప్పు చెయ్యడు. ఇవి ఎవరో దేనికో పట్టేలా శ్రద్ధగా చేసినవి.

హబ్బులొచ్చిన పెట్టె అడుగున ఒక పొట్లం ఉంది. నేను దాన్ని విప్పనేలేదు. విప్పితే నేనిచ్చిన పాత షాఫ్టు ముక్క కనిపించింది. కొలిస్తే పన్నెండు మీద పదోవంతుకి రవ్వంత తక్కువ. హబ్బులో పెట్టి గట్టిగా నొక్కితే దూరి, కదలకుండా నిలబడింది. పొట్లం కట్టిన కాగితం నేను పంపిన డ్రాయింగే. అందులో పన్నెండు అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాడు.

ఆ ఫోన్ మాట, దాని మధ్యలో వచ్చిన మౌనం, ఆ "ఆయ్" మొత్తం చెవిలో వినపడ్డాయి. అతను చెప్పబోయింది: కాగితం ఒకటి చెబుతోంది, ముక్క ఇంకోటి చెబుతోంది, దేని ప్రకారం చెయ్యమంటారని. ఎప్పట్లాగే చెయ్యమని నేనన్నాను. ఎప్పట్లాగే అంటే ముక్క ప్రకారం. చెప్పినట్టే చేశాడు. పాత షాఫ్టు లావని గొడవ చేసి మోటార్లు మార్పించినదాన్ని, ఆ లావు ముక్క అతని దగ్గరే ఉందని మర్చిపోయాను. ఆయ్ అంటే ఏమిటో హర్షకి నేర్పినదాన్ని, నాకు పనికొచ్చేసరికి దాన్ని అవునని రాసేసుకున్నాను.

కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేదొకటే. మీరు పెద్ద కుర్చీలో కూర్చున్నప్పుడు అవతలివాళ్ళు మిమ్మల్ని కాదనలేరు. వాళ్ళు మీకిచ్చే మర్యాద మీ కొలతల్లో తప్పుగా చేరుతుంది. బేరింగుని చెవి దగ్గర పెట్టుకుని వినడం కష్టపడితే వస్తుంది. మనిషి సగంలో ఆపిన మాట వినడం నాకు రిటైరయ్యేముందు గాని రాలేదు.

చెప్పి రావడానికి వెళ్ళాను

హర్షకి అంతా చెప్పాను. "సరఫరాదారుతో సమాచార లోపం అని రిపోర్టులో రాసేద్దాం మేడమ్. ఎవరి తప్పూ ఉండదు" అన్నాడు.

"వద్దండీ. నమూనా మార్చడం మరిచింది నేను. అడగబోతే నోరు మూయించింది నేను. నా పేరే రాయండి" అన్నాను.

"ఇంకో ఏడాదిలో రిటైరవుతున్నారు. ఇప్పుడెందుకు?"

"ఆయనకి ఇంకా చాలా ఏళ్ళు పనుంది గదండీ."

హర్ష నేను చెప్పినట్టే రాశాడు. ఆ ఒక్క విషయానికి అతని మీద నాకు గౌరవం పెరిగింది.

మర్నాడు బస్సెక్కి కొత్తపేట వెళ్ళాను. ముందు టీ హోటల్ దగ్గరికే వెళ్ళాను. ఆ రోజున్నవాళ్ళలో చాలామంది ఉన్నారు. షాఫ్టు ముక్క, హబ్బు, డ్రాయింగు మూడూ బల్ల మీద పెట్టి, ఏది ఎవరి తప్పో విడమరిచి చెప్పాను. ఒక మిల్లు గుమాస్తా ముక్కని హబ్బులో దూర్చి చూశాడు.

"బాగానే పట్టిందండీ" అన్నాడు. తరవాత తల దించుకుని, "మేం కూడా షాఫ్టులు వేరేవాళ్ళకి ఇచ్చేసేమండీ. మీలాంటివారు అన్నారు గదా అని" అన్నాడు.

ఆ మాట విన్నాకే నేను చేసినదెంతో నాకు పూర్తిగా తెలిసింది. మా ఆర్డరు ఒక్కటే పోయిందనుకున్నాను. నా మాట పట్టుకుని ఊరు ఊరంతా అతన్ని పక్కన పెట్టింది.

షాపు తెరిచే ఉంది. లేత్ మీద గుడ్డ కప్పి ఉంది. సూరిబాబు ఒక మూల కూర్చుని ఎవరిదో గేటు గొళ్ళేన్ని ఆకురాయితో రుద్దుతున్నాడు. నన్ను చూసి లేచి, ఉన్న ఒక్క కుర్చీని తువ్వాలుతో తుడిచి ముందుకి జరిపాడు.

"కూర్చోండి మేడమ్‌గారండీ" అన్నాడు.

నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. ఆయన అడగబోయింది నేను విననివ్వలేదని, నలుగురిలో అనరాని మాట అన్నానని, ఇప్పుడే అక్కడ అందరికీ చెప్పి వచ్చానని చెప్పాను. క్షమించమని చేతులు జోడించాను. వయసులో పెద్దదాన్ని జోడిస్తే ఎవరైనా "అయ్యో, అదేంటండీ" అంటారు. ఆయన అనలేదు. వింటూ నిలబడ్డాడు, అంతే.

సంచిలోంచి కొత్త డ్రాయింగు తీసి ఇచ్చాను. సరిచేసిన హబ్బులకి ఆర్డరు. కొత్త షాఫ్టు నమూనా కూడా తెచ్చానని చెప్పాను. ఆయన కాగితాన్ని వెలుతురులోకి పట్టుకుని, ప్రతి కొలతా వరసగా చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మడతల మీదే మడిచి నా చేతికి తిరిగిచ్చాడు.

"చెయ్యనండీ" అన్నాడు.

నేను ఎదురుచూశాను. మా వైపు కాదనడానికి ఎప్పుడూ ఏదో ఒక కారణం తోడొస్తుంది. లేత్ మోటారు కాలిపోయిందనో, బావమరిది పెళ్ళనో, ఒంట్లో బాలేదనో. ఆయన ఏదీ చెప్పలేదు.

"మిల్లుల వాళ్ళు వస్తే చేస్తానండీ. మీకు మాత్రం చెయ్యనండీ మేడమ్‌గారండీ" అని, కిందకూర్చుని గొళ్ళేన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

కాగితం సంచిలో పెట్టుకుని వచ్చేశాను. నా ఉద్యోగం మొత్తంలో నేను మళ్ళీ కొలిచి చూసుకోనక్కర్లేని మాట అదొక్కటే.